ఒక్క మీట, నాలుగు వేల నోడ్లు

విజయవాడ ఆటోనగర్‌లోని రేడియం కటింగ్ షాపులవారు కొందరు ఇప్పటికీ బొమ్మలను చేత్తోనే ట్రేస్ చేస్తున్నారని తెలిసి, ప్రగతిని కోరే పౌరుడిగా మిక్కిలి విచారిస్తున్నాను. కోరల్‌డ్రా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ మీట నొక్కితే క్షణంలో అంచులన్నీ గీతలై, స్టిక్కరు కోసే ప్లాటర్‌కు సిద్ధమవుతుండగా, ఒక మనిషి అరపూట కూర్చుని సింహం జూలు చుట్టూ కంప్యూటరు తెర మీద ఒక్కొక్క నోడే, అంటే గీతను పట్టి నిలిపే చుక్కే, పెట్టుకుంటూ పోవడం కరెంటు దండగ కాక మరేమిటి?

లారీ అద్దం మీద మూడడుగుల అమ్మవారు కావాలని వచ్చిన ఓనరు, వాట్సాప్‌లో ఎందరి చేతులో మారి గోరంత మిగిలిన జేపీజీని చూపించి, "బొమ్మ ఉంది కదయ్యా, కోసివ్వడమే" అంటాడు. జేపీజీ బొమ్మను 8×8 చుక్కల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది కనుక, ఎక్కువగా కుదించినప్పుడు పదునైన అంచుల పక్కన మసక మరకలు పుడతాయి. వాటిని మరకలనుకునే అపచారం మీట చేయదు. అమ్మవారి నగలుగా భావించి ఒక్కొక్కదానికీ ఒక గీత సమర్పిస్తుంది. నలభై నోడ్లతో తేలిపోవలసిన త్రిశూలానికి నాలుగు వేలు పడితే, బ్లేడు ఆ చిన్న చిన్న మెలికలన్నీ తిరగబోయి వినైల్‌ను, అంటే స్టిక్కరు షీటును, చించుతుంది. చినగగా మిగిలిన దానిలోంచి అనవసరపు ముక్కలను ట్వీజరుతో పీకే కుర్రాడు, చెత్తతోపాటు అమ్మవారి కనుపాపను కూడా లేపేసి, అది తన వేలికి అంటుకున్న సంగతి టీ గ్లాసు పట్టుకున్నాక గాని గమనించడు.

అభిమాన హీరోల విషయంలో మీట మరింత ఉదారంగా ఉంటుంది. ఒకే రంగు వినైల్‌లో నీడకు తావు లేదు, చోటు నల్లగా ఉండాలి లేదా ఖాళీగా ఉండాలి. ఆ హద్దును నిర్ణయించే త్రెషోల్డ్‌ను కాస్త పెంచితే మీసం చెంపల మీదుగా చెవుల దాకా పాకుతుంది, తగ్గిస్తే ముక్కు మాయమవుతుంది. బండి ట్యాంకు మీద ముక్కులేని హీరోను అంటించుకుని బెంజ్ సర్కిల్‌లో తిరిగే అభిమానిని చూస్తే, భక్తికి అవయవాల లెక్క అక్కరలేదని తెలుస్తోంది.

తెలుగు అక్షరాలంటే మాత్రం మీటకు చిన్నచూపు ఉన్నమాట వాస్తవం. చిన్న చుక్కలను ధూళిగా లెక్కగట్టి తుడిచేసే సెట్టింగు ఒకటుంది. కొన్ని ఫాంట్లలో విడిగా నిలిచే ధ కింది గీత దాని కంట పడిందా, లారీ నుదుట ధనలక్ష్మి దనలక్ష్మిగా వెలుస్తుంది. పేరును ఫోటో నుంచి ట్రేస్ చేయకుండా అను అనే తెలుగు ఫాంటులో మళ్లీ టైపు చేసుకోవచ్చు గాని, అక్షరం మీదికి ఎక్కిన వత్తును వెల్డ్ చేసి ఒకే గీతగా కలపకపోతే బ్లేడు ఆ రెండూ కలిసేచోట అడ్డంగా కోసేస్తుంది. ఇంత చాకిరీ కన్నా లక్ష్మీదేవి పేరు మార్చుకోవడమే సులువని నా మనవి.

పాతకాలపువారు ఇక్కడ బెజియే పేరెత్తుతారు. పియర్ బెజియే 1960లలో రెనో కంపెనీలో కారు బాడీల వంపులను గీయించడానికి వాడిన గణితమే నేటి వెక్టర్ గీతలకు, అంటే కంప్యూటరు లెక్కగట్టి గీసే వంపులకు, ఆధారం. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో 1959లోనే దానిని కనిపెట్టినా, కంపెనీ రహస్యంగా దాచడంతో పేరు బెజియేకు దక్కింది. రెండు చివరలు, రెండు హ్యాండిళ్లతో పొడవైన వంపు మొత్తం నిలుస్తుందని దాని సారాంశం. కారు కోసం పుట్టిన వంపు తిరిగి కారు తలుపు మీదికే స్టిక్కరుగా చేరడం బాగానే ఉంది గాని, అంత తక్కువ నోడ్లతో పని ముగిస్తే కస్టమరుకు మనం కష్టపడినట్టు కనిపించేదెలా?

కనుక, "ట్రేసింగ్‌కు డబ్బులేమిటి, మెషినే కదా చేసింది" అనే వాదాన్ని శాశ్వతంగా పరిష్కరించడానికి నోడుకు పది పైసల చొప్పున రేటు ప్రతిపాదిస్తున్నాను. అరపూట కూర్చుని నలభై నోడ్లతో త్రిశూలం గీసినవాడు నాలుగు రూపాయలు తీసుకుంటాడు. మీట నొక్కి టీకి వెళ్లినవాడు నాలుగు వందలు తీసుకుంటాడు, కనుపాప ఖరీదు అదనం.