కూడలిలో వాయించాలా, వద్దా?

పరాయి దేశంలో పర్యటిస్తున్న చర్చి బ్రాస్ బ్యాండు, అంటే ఇత్తడి ఊదుడు వాయిద్యాల బృందం అది. పొద్దుటంతా బస్సు ప్రయాణం. మధ్యాహ్నం ఊరి కూడలిలో ఆరుబయట వాయించాలి, రాత్రి ఏడింటికి చర్చిలో కచేరీ. కూడలి మానేద్దామంటాడు కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న వాయిద్యం) వాయించే కుర్రాడు. ససేమిరా అంటాడు యుఫోనియం (అంతకంటే పెద్దది, కింది స్థాయిలో పలికేది) వాయించే పెద్దాయన. బస్సు ఇంకా ఊరు చేరలేదు.

కార్నెట్: అన్నా, ఇవాళ్టికి కూడలి వద్దు. రాత్రి గంటన్నర కచేరీ, రాగమంతా మా కార్నెట్ల మీదే నడుస్తుంది. పెదవి అలిసిందంటే ముందు పోయేవి పై స్వరాలే. ఎంత ఊదినా గాలే వస్తుంది.

యుఫోనియం: నిన్నా ఇదే మాట అన్నావు. నిన్న రాత్రి బాగానే వాయించావుగా.

కార్నెట్: చివరి పాటలో రెండు స్వరాలు మింగేశాను. నీకు వినపడలేదేమో, నాకు నిద్ర పట్టలేదు. పైగా బయట చలి చూడు. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు పోయే ధ్వని, సున్నా దగ్గర 331కి పడిపోతుంది. వాయిద్యంలో గాలి చల్లబడి ధ్వని నెమ్మదిస్తే శ్రుతి దిగుతుంది. నా కార్నెట్ గొట్టం మీటరున్నర లోపే, నాలుగు ఊదులకు వెచ్చబడుతుంది. అన్నిటికంటే కింద పలికే ఆ పెద్ద బాస్ వాయిద్యం గొట్టం అయిదున్నర మీటర్లు, అది వెచ్చబడేదెప్పుడు? మేం పైన, వాళ్లు కింద. అలా శ్రుతి తప్పి వాయించడం దేవుడికి అర్పణా?

యుఫోనియం: శ్రుతి గురించి నువ్వన్నది నిజమే, కాదనను. కానీ మనలాంటి బ్యాండు పుట్టిందెక్కడో మరిచిపోతున్నావు. 1878లో ఇంగ్లండులోని సాల్స్‌బరీలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ వాళ్లు వీధిలో ప్రసంగిస్తుంటే అల్లరిమూకలు మీదపడేవి. చార్లెస్ ఫ్రై అని ఇళ్లు కట్టే మేస్త్రీ, ముగ్గురు కొడుకులను వెంటబెట్టుకుని వాళ్లకు కాపలాగా వెళ్లాడు. వెళ్తూ వాయిద్యాలు పట్టుకెళ్లారు. నలుగురంటే నలుగురే. ఆ మోతకు జనం ఆగారు. వాళ్ల వెనకాల వేదిక లేదు, కప్పు లేదు.

కార్నెట్: అప్పటి అవసరం వేరన్నా. ఇప్పుడు మన మీద రాళ్లేసేవాళ్లెవరూ లేరు. ఆగేవాళ్లూ లేరు! చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పక్కనుంచి వెళ్లిపోతారు. వాళ్ల కోసం పెదవి పాడుచేసుకుని, టికెట్ కొని వచ్చినవాళ్లకు మిగిలింది వడ్డిస్తామా? నాకది అన్యాయంగా తోస్తుంది.

యుఫోనియం: ఎవరూ ఆగరా? నిన్న కూడలిలో చేతిసంచులు కింద పెట్టి నిలబడిపోయిన ముసలావిణ్ణి చూశావా?

కార్నెట్: ... చూశాను.

యుఫోనియం: మనం ఓల్డ్ హండ్రెడ్త్ కీర్తన మొదలుపెట్టగానే తన భాషలో పాడడం అందుకుంది. ఒక్క మాట నాకర్థం కాలేదు. 1551 నాటి జెనీవా కీర్తనల పుస్తకంలో అచ్చయిన రాగమది. ఎన్ని భాషల్లోకి పోయిందో! మూడో చరణానికి ఆవిడ గొంతు వణికింది, నేను వాల్వుల మీద వేళ్లు చూసుకుంటూ వాయించాను, తలెత్తలేకపోయాను. మనం అంత దూరం వచ్చింది దేనికో నాకప్పుడు తెలిసింది.

కార్నెట్: ఆవిడ రాత్రి కచేరీకీ వచ్చేదేమో.

యుఫోనియం: రాలేదు. తలుపు దగ్గర నిలబడి చూశాను. రాత్రి వచ్చేవాళ్లకు చర్చి దారి ముందే తెలుసు తమ్ముడూ. తెలియనివాళ్లు కూడలిలోనే దొరుకుతారు.

కార్నెట్: సరే, ఆవిడ మాట కాదనలేను. కానీ గంటసేపు మార్చ్‌లు వాయించమంటే మాత్రం నా వల్ల కాదు. అది మొండితనం.

యుఫోనియం: మార్చ్‌లు వద్దు. కీర్తనలు నాలుగు, పావుగంట. బస్సు దిగే ముందే బాస్ వాళ్లను లోపల ఊది వాయిద్యాలు వెచ్చబెట్టుకోమందాం.

కార్నెట్: అప్పుడైనా రాగం మా మీదే కదా.

యుఫోనియం: మీరు నలుగురూ వాయిద్యం కోటు కింద పెట్టుకుని నిలబడండి, చాలు. రాగం ఒక స్థాయి కింద నేనెత్తుకుంటాను.

కార్నెట్: నాలుగూనా?

యుఫోనియం: నాలుగూ.

కార్నెట్: ... చివరిది నేను వాయిస్తాలే అన్నా. ఆ రాగమైతే.