పదకొండు గంటల మంచు

బెంగళూరు వాతావరణం గురించి వాతావరణ శాఖకి కూడా తెలియని ఒక విశేషం మనవి చేస్తాను. వైట్‌ఫీల్డ్ ప్రాంతంలో మార్చి నెలలో, ఎండ ముప్పై మూడు డిగ్రీలకి ఎగబాకుతుండగా, పగలు పదకొండు గంటలకి మంచు కురుస్తుంది. ఊరంతా కాదు. మా అపార్ట్‌మెంట్లో బీ బ్లాక్ వెనకున్న మందారచెట్టు మీద, అందులోనూ ఒకే ఒక్క పువ్వు మీద. దాని పక్క ఆకు కూడా తడవదు.

రాత్రి ఆకులూ గడ్డీ బాగా చల్లబడితే గాలిలోని తేమ వాటి మీద బొట్లుగా పేరుకుంటుందనీ, అదే మంచనీ చిన్నప్పుడు బళ్ళో చెప్పారు. ఆ పాఠాన్ని వెంటనే సవరించాలి. సెలూన్లో వాడే స్ప్రే సీసాలో నీళ్ళు పోసి, కాస్త గ్లిజరిన్ కలిపి రెండుసార్లు నొక్కితే వచ్చేదే మంచు. గ్లిజరిన్ ఎందుకంటారా? ఉత్త నీటిబొట్టుకి క్రమశిక్షణ లేదు. జారిపోతుంది, ఆరిపోతుంది. గ్లిజరిన్ పడ్డ బొట్టు ఫొటో అయ్యేదాకా గుండ్రంగా, బుద్ధిగా కూర్చుంటుంది.

ఈ హిమపాతానికి కర్త మా ఫ్లవర్ అంకుల్. పేరు చెప్పక్కర్లేదు, మీ అపార్ట్‌మెంట్లోనూ ఒకాయన ఉన్నారు. పొద్దున్నే ఆరున్నరకి మీ ఫోన్లో ఒక గులాబీ, దాని నెత్తిన 'శుభోదయం' వచ్చి పడుతున్నాయా? ఆయనే. కొడుకు అమెరికా నుంచి 100 ఎంఎం మాక్రో లెన్స్, అంటే చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసే లెన్స్, తెచ్చి ఇచ్చిన రోజు నుంచి మా కాంప్లెక్స్‌లో పూలకి మనశ్శాంతి లేదు.

ఆదివారం షూటింగ్ మాత్రం చూసి తీరాల్సిందే. గాలి లేనప్పుడే తీయాలి కాబట్టి అంకుల్ ఆరు గంటలకే యోగా మ్యాట్ పరిచి, దాని మీద బోర్లా పడుకుంటారు. ఆంటీ తెల్ల గొడుగు పట్టుకోవాలి, వెలుతురు మెత్తగా పడటానికి. సెలవుకి వచ్చిన అల్లుడుగారు వెండి కాగితం అతికించిన అట్ట పట్టుకోవాలి, నీడలు పోవడానికి. సెక్యూరిటీ కుర్రాడు పువ్వు వెనక నల్ల చార్టు పట్టుకోవాలి, వెనకాల ఆరేసిన లుంగీలు కనబడకుండా ఉండటానికి. ఆ కుర్రాడిది ఒడిశా. అంకుల్ తెలుగులో చెప్పే 'కొంచెం ఎడమకి' ఏ పక్కో అతనికి ఈ జన్మలో తెలియదు.

ఇంత మంది ఎందుకంటే, విషయం శాస్త్రీయమైనది. మందారం నడుమ పొడుచుకొచ్చిన కాడ చివర అయిదు ఎర్రటి బొడిపెలుంటాయి, చూసే ఉంటారు. అంత దగ్గర్నుంచి, ఉన్నదాన్ని ఉన్నంత సైజులో సెన్సార్ మీద పడేలా తీస్తే, ఎఫ్ 11 పెట్టినా, అంటే లెన్స్ కంతని బాగా చిన్నది చేసినా, స్పష్టంగా వచ్చే మందం ఒకటిన్నర మిల్లీమీటరు దాటదు. ఒక బొడిపెకి ఫోకస్ కుదిరితే పక్కది మసక. అందుకని కెమెరాని వెంట్రుకవాసి చొప్పున ముందుకి జరుపుతూ నలభై, యాభై ఫొటోలు తీసి కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. ఫోకస్ స్టాకింగ్ అంటారు. అవన్నీ అయ్యేదాకా పువ్వు కదలకూడదు. పిల్లలు క్రికెట్ ఆడకూడదు. అల్లుడుగారు గట్టిగా ఊపిరి వదలకూడదు.

"ఏమండీ, కుక్కర్ మూడు విజిల్స్ అయిపోయాయి."

"కదలకు. ఇప్పుడే గాలి ఆగింది."

"పప్పు మాడిపోతుందండీ."

"మాడనీ."

సరిగ్గా అప్పుడు నీళ్ళ ట్యాంకర్ రివర్స్ పాట పాడుకుంటూ లోపలికొస్తుంది. నేల అదురుతుంది, పువ్వు ఊగుతుంది, ఇరవై ఏడో ఫొటో పోతుంది. మళ్ళీ ఒకటి నుంచి. ఇలా జరిగి జరిగి పదకొండవుతుంది, పువ్వు వాడుముఖం పడుతుంది, అప్పుడు మంచు అవసరమవుతుంది. పాపం మందారం ఉండేదే ఒక్క రోజు. పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. ఉన్న ఆ కాస్త ఆయుష్షులో సగం అంకుల్‌కే పోయింది.

పువ్వు ఒక్కటే ఉంటే లైకులు రావట, మీద తేనెటీగ ఉండాలి. తేనెటీగకి పనుంటుంది, నిలబడదు. దానికీ ఈ కళాకారుల దగ్గర ఉపాయం ఉంది. పట్టి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే చలికి మొద్దుబారుతుంది, తెచ్చి పువ్వు మీద కూర్చోబెడితే కాసేపు కిక్కురుమనదు. ఫొటో కింద 'ప్రకృతి ఒడిలో' అని రాసుకోవచ్చు. ఆ డబ్బాని ఆంటీ కొబ్బరి పచ్చడి అనుకుని మూత తీసినప్పటి కేక ఏ బ్లాక్ దాకా వినబడిందో నేను చెప్పను.

లాల్‌బాగ్ సంగతి ఎత్తకపోవడమే మంచిది. హైదర్ అలీ 1760లో వేయించిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. జనవరిలో, ఆగస్టులో పూల ప్రదర్శన పెడితే ఈ కుటుంబమంతా వెళ్ళి గాజుభవనంలో ఒకే డాలియా ముందు సాష్టాంగపడుతుంది. వెనక క్యూలో ఉన్నవాళ్ళకి కనిపించేది అంకుల్ వీపు.

మా కాంప్లెక్స్‌లో 'పూలు కోయరాదు' అని నాలుగు భాషల్లో బోర్డు ఉంది. గుంటూరు నుంచి మనవడి దగ్గరికొచ్చిన ఒక అమ్మమ్మగారు దేవుడి కోసం రెండు నందివర్ధనాలు కోస్తే, సీసీ కెమెరా ఫొటోతో సహా గ్రూపులో పెట్టి అయిదు వందలు ఫైన్ వేశారు. అదే వారం అంకుల్ బ్యాక్‌గ్రౌండ్ శుభ్రం చేయడానికి మొగ్గలతో ఉన్న కొమ్మల్ని కత్తెరతో కత్తిరించారు. అది కోయడం కిందికి రాదట. కంపోజిషన్ కిందికి వస్తుందట.

సరే, ఇంతవరకూ నవ్వుకోవచ్చు. 2024 మార్చి గుర్తుందా? ఊళ్ళో బోర్లు ఎండిపోయి, తాగేనీళ్ళు తోటలకి పోసినా కార్లు కడిగినా 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ఆర్డరు వేసిన మార్చి. మా బోరూ ఎండింది. అప్పుడు ఈ మొక్కల్ని బతికించింది హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న మాలి తాత. ప్రతి ఫ్లాటు తలుపూ తట్టి, ఆర్‌వో మిషన్ వదిలేసే వృథా నీళ్ళు అడుక్కుని, రెండు బకెట్లతో మెట్లు దిగేవాడు. లిఫ్టులో తేవద్దన్నారు, నీళ్ళు ఒలుకుతాయని. అలా మోసుకుంటూ మందారం దగ్గరికొస్తే అంకుల్ అన్న మాట: "ఏయ్, నీ నీడ పడుతోంది, పక్కకి జరుగు."

"యాడికి జరగల్ల సార్? నీళ్ళు పోసేది ఈ చెట్టుకే."

స్ప్రే సీసాలో పట్టేది అర లీటరే, దానికింత రాద్ధాంతమా అంటారు. అర లీటరు గొడవ కాదయ్యా ఇది. ఫొటో కింద లెన్స్ పేరు రాస్తావు, ఎఫ్ 11 రాస్తావు, సెకనులో 200వ వంతు రాస్తావు, ఐఎస్ఓ 400 రాస్తావు. ఎండల్లో ఆ చెట్టు చావకుండా కాపాడిన మనిషి పేరు రాయడానికి చెయ్యి రాదా? పేరు దాకా ఎందుకు, ఆయన పేరేమిటో నీకు తెలుసా? సిగ్గనిపించదా?

తెలియదని తేలింది కూడా. ఆ ఏడు చివర్లో అసోసియేషన్ డబ్బుతో ఈ ఫొటోలన్నీ నున్నటి కాగితం మీద కాలెండర్ వేశారు. తాత జీతం పెంపు 'బడ్జెట్ లేక' వాయిదా పడిన మీటింగ్‌లోనే దీన్ని పాస్ చేశారు. అందులో కాగితంపూల పేజీలో 'మూడు గులాబీరంగు రేకుల సౌందర్యం' అని రాశారు. అవి రేకులు కావు, రంగు పట్టిన ఆకులు. అసలు పూలు వాటి మధ్య తెల్లగా, సన్నగా ఉంటాయి. అంత ఖరీదైన లెన్స్ పెట్టి, అంత దగ్గరగా పడుకుని, పువ్వెక్కడుందో చూడలేదు మహానుభావుడు.

ఆవిష్కరణ రోజు తాతకీ ఒక కాపీ ఇచ్చారు, 'తోటమాలికి' అని రాసి. జూన్ నెల మన మందారమే. కాడ మొదట్లో, తొడిమ దగ్గర తెల్లగా దూదిలా ఏదో ఉంది. కింద 'మంచు తునకల టెక్స్చర్' అని శీర్షిక. తాత పేజీని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇది పిండినల్లి సార్. ఎండాకాలంలోనే చెప్తిని కదా, వేపనూనె తెప్పియ్యండని. ఇప్పుడు పక్క చెట్లకీ ఎక్కింది."

వేపనూనె విషయం పరిశీలించి వచ్చే మీటింగ్‌లో చర్చించాలని కమిటీ నిర్ణయించింది. కాలెండర్లో అధ్యక్షులవారి ఇంటిపేరు తప్పు పడినందున మొత్తం కాపీలు మళ్ళీ ముద్రించడానికి మాత్రం అప్పటికప్పుడే ఆమోదం లభించింది.