పోలే బాబూ, పోలే!

మా మామయ్య పళ్లు ఆఫ్రికాలో పోయాయి. సొంత పళ్లు కావు. అవి పదేళ్ల కిందటే నల్లగొండలో ఒక్కొక్కటిగా సెలవు తీసుకున్నాయి. వాటి స్థానంలో ముప్ఫై వేలు పోసి కట్టించుకున్న రెండు వరసల సెట్టు సంగతి ఇది. అవి పోయింది కూడా అల్లాటప్పా చోట కాదు. ఆదిమానవుడి గురించి రాసే ప్రతివాళ్లూ పేరెత్తే చోట, టాంజానియాలోని ఓల్డువాయ్ లోయ అంచున.

నిజానికి మేం వెళ్లింది సింహాల కోసం. దార్ ఎస్ సలామ్‌లో ఉద్యోగం చేసే మా బావమరిది, "అరూషా నుంచి ఐదు రోజుల సఫారీ బుక్ చేసిన బావా, అమ్మానాన్నల తోల్కరండి" అని ఫోన్ చేశాడు. తను మాత్రం సెలవు దొరకలేదని తప్పించుకున్నాడు. ప్రోగ్రాం కాగితం చూసిన మామయ్య సింహాలనూ చిరుతలనూ దాటేసి నాలుగో రోజు మీద వేలు పెట్టాడు. "ఓల్డువాయ్! ముప్ఫై ఏండ్లు పాఠం చెప్పిన బిడ్డా, ఒక్కసారన్న చూడాలె" అన్నాడు. సోషల్ మాస్టారుగా రిటైరయ్యాడాయన. ఏటా పిల్లల్ని లాంచీ ఎక్కించి నాగార్జునకొండ మ్యూజియానికి తీసుకెళ్లి, వాళ్లు కోతులను చూస్తుంటే తాను రాళ్లను చూసేవాడు.

అత్తమ్మకు ఈ ఏర్పాటు నచ్చలేదు. "డాలర్లు పోసి బొందలగడ్డ చూసుడేంది?" అంది.

మా డ్రైవరే గైడు కూడా. మొదటి రోజే మామయ్యను "బాబు" అని పిలిచాడు. డెబ్బై రెండేళ్ల మనిషి మురిసిపోయాడు. స్వాహిలీలో బాబు అంటే తాత అని రెండో రోజు తెలిసింది. నా భార్యనేమో "దాదా" అన్నాడు. అక్కనో చెల్లెనో అలా అంటారని తెలిసేదాకా, మా ఇంట్లో పెత్తనం ఎవరిదో ఇంత తొందరగా ఎలా కనిపెట్టాడా అని ఆశ్చర్యపోతూనే ఉన్నాను. వాళ్లకు అంగడి 'దుకా', బండి 'గారి', డబ్బు 'పేసా', లక్ష 'లాకి', ఇన్సూరెన్సు 'బీమా'. మన దేశపు వర్తకులతో పాటు పడవలెక్కి సముద్రం దాటిన మాటలు. ఇవి విన్నాక మామయ్యకు ఒక నమ్మకం కుదిరింది. కాస్త చెవి పెట్టి వింటే స్వాహిలీ సగం మనకు వచ్చినట్టేనని. కొంప ముంచింది ఆ నమ్మకమే.

నాలుగో రోజు పొద్దున గోరోంగోరో కొండ అంచు దిగి సెరెంగెటి నేషనల్ పార్కు వైపు బయల్దేరాం. అంతకు ముందు రోజే ఆ కొండ కడుపులోకి దిగాం. ఎప్పుడో అగ్నిపర్వతం కూలిపోతే ఏర్పడిన 260 చదరపు కిలోమీటర్ల గిన్నె అది. దాని గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. దారి మాత్రం చెప్పాలి. గుంతలో పడ్డప్పుడల్లా డ్రైవర్ వెనక్కి తిరిగి "ఫ్రీ ఆఫ్రికన్ మసాజ్" అని నవ్వుతాడు. అక్కడి డ్రైవర్లందరి నోటా ఉండే మాటే అది. మామయ్య రెండు చేతులతో దవడ పట్టుకుని కూర్చున్నాడు. పళ్లు కదులుతున్నాయని అప్పుడే అర్థం చేసుకోవాల్సింది.

లోయ అంచున బండి ఆగింది. లంచ్ బాక్సులు పంచుతూ "కుకు" అన్నాడు డ్రైవర్.

"కుక్కనా?" అంది అత్తమ్మ.

కుకు అంటే కోడి అని నా కొడుకు ఫోన్లో చూసి చెప్పేలోపే ఆమె బాక్సు మూతపడింది. చెప్పాక కూడా తెరుచుకోలేదు. "ఫోన్ల రాసినయన్ని నిజాలే ఉంటయా?" అని, కాళ్ల దగ్గర సంచిలోంచి సకినాల డబ్బా తీసింది. ఆ దేశంలో 2019 జూన్ నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం, బయటి నుంచి తేవడానికి కూడా లేదు. బావమరిది ముందే హెచ్చరించాడు కాబట్టి సకినాలు స్టీలు డబ్బాలో ప్రయాణం చేశాయి. మూత మీద 'గృహప్రవేశ శుభ సందర్భమున, 1998' అని చుక్కల అక్షరాలు చెక్కిన డబ్బా అది.

సకినం ఎంత గట్టిదో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మామయ్య నమలగలిగాడు. కానీ ఒక నువ్వు గింజ పళ్ల సెట్టు కిందికి దూరింది. చెప్పులో రాయి పడితే చెప్పు విడిచి దులుపుకుంటాం. నోట్లో అయినా అంతే. ఆయన అటు తిరిగి రెండు వరసలూ తీసి, కడిగి, టిష్యూ కాగితంలో చుట్టాడు. సరిగ్గా అప్పుడే మ్యూజియం గైడు ఉపన్యాసం మొదలవుతోందని పిలిచారు. ముప్ఫై ఏళ్ల పాఠం! మామయ్య పరుగే పరుగు.

ఎదురుగా లోయ, దాని మధ్యలో నిలబడ్డ ఎర్రమట్టి దిబ్బ. మ్యూజియం గైడు బాగా చెప్పాడు. అది దాదాపు 48 కిలోమీటర్ల పొడవున నేలను కోసుకుపోయిన లోయ. అక్కడ పెరిగే ఒక రకం అడవి నారమొక్కను అక్కడి మాసాయి తెగవాళ్లు 'ఓల్డుపాయ్' అంటారు. 1911లో కాట్‌వింకెల్ అనే జర్మన్ ప్రొఫెసర్, సీతాకోకచిలుకల వెంట పడి వచ్చాడంటారు, ఈ చోటి పేరేమిటని అడిగి 'ఓల్డువాయ్' అని రాసుకుపోయాడు. లోకమంతా ఆ తప్పే నేర్చుకుంది. కుకును కుక్కగా విన్న అత్తమ్మ వైపు చూశాను. ఆమె డబ్బా మూత నొక్కి పెడుతోంది.

తర్వాత అసలు కథకు వచ్చాడు. 1959 జులై 17న, ఆ లోయలో ఆదిమానవుడి ఆనవాళ్లు వెతుకుతున్న శాస్త్రవేత్త లూయీ లీకీ ఒంట్లో బాగాలేక డేరాలో పడుకున్నాడు. భార్య మేరీ కుక్కల్ని వెంటబెట్టుకుని ఒక్కతే లోయలోకి వెళ్లింది. వాలు మీద మట్టిలోంచి తొంగి చూస్తున్న పెద్ద పెద్ద పళ్లు కనబడ్డాయి. పదిహేడున్నర లక్షల ఏళ్ల నాటి పుర్రె అది. అప్పట్లో పెట్టిన పేరు జింజాంత్రోపస్, ముద్దుగా జింజ్. నేను తెలుగు చేసి చెప్తుంటే అత్తమ్మ మొదటిసారి ఆసక్తి చూపించింది. "అంటే మొగాయన పండుకుంటె ఆడామెకు దొరికింది" అంది. ఆ లోయ చరిత్రను ఇంత క్లుప్తంగా ఎవరూ చెప్పి ఉండరు.

"ప్రశ్నలున్నాయా?" అన్నాడు గైడు. మామయ్య చెయ్యెత్తాడు. లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాటకు బదులు గాలి వచ్చింది.

"నా ఫండ్లు!"

"లంచ్ బాక్సుల అరటిపండు ఉన్నది గద నాన్నా" అంది నా భార్య.

నల్లగొండలో నోట్లో ఉన్నా చెట్టుకు ఉన్నా అవి పండ్లే. విషయం తేలడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత మా కుటుంబం మొత్తం నడుములు వంచి నేల చూస్తూ తిరగడం మొదలుపెట్టింది. మేమేదో కనిపెట్టబోతున్నామనుకుని ఒక విదేశీ జంట కూడా వంగింది. మ్యూజియం గైడు పరిగెత్తుకొచ్చాడు. ఇక్కడ నేల మీది రాయి కూడా ముట్టుకోకూడదు, ఏం తీస్తున్నారని గట్టిగా అడిగాడు. తీయడం లేదండీ, పోగొట్టుకున్నాం అని చెప్పాను. ఏం పోయిందన్నాడు. పళ్లు అన్నాను. ఓల్డువాయ్‌లో నిలబడి ఆ మాట చెప్పడానికి ధైర్యం కావాలి.

మా డ్రైవర్ మామయ్య భుజం మీద చెయ్యేసి, ఎంతో బాధగా, "పోలె బాబు, పోలె సానా" అన్నాడు.

మామయ్య మొహం వెలిగిపోయింది. "పోలే అంటుండు! పోలేదట! యాడున్నయో ఈయనకు ఎరుకున్నది, అడుగు బిడ్డా!"

పోలె అంటే స్వాహిలీలో అయ్యో పాపం అని అర్థం. సానా అంటే చాలా. ఆ ముక్క నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన మొహంలో ఆ వెలుగు ఆరిపోవడం చూడలేకపోయాను.

"యాడ పెట్టినవ్ నాన్నా, యాది చేసుకో" అంటే ఒకటే జవాబు: "హుబ్బరంగ ఉన్న తావులనే పెట్టిన." పళ్లు లేకపోతే 'స' అంతా 'హ' అయిపోతుంది. ఆ రోజు ఆయన నోట ఏ లోపం లేకుండా పలికిన మాట 'హకూనా మటాటా' ఒక్కటే. ఇబ్బందేమీ లేదని దాని అర్థం.

చెత్తడబ్బాలు గాలించాం. లంచ్ బాక్సులు తిరగేశాం. మ్యూజియం గైడు మంచివాడు, మాతో పాటు వెతికాడు. చివరికి నడుము నిమురుకుంటూ అన్నాడు: "లూయీ లీకీ ఇక్కడికి మొదటిసారి వచ్చింది 1931లో. ఆ పళ్లు దొరికింది 1959లో. ఇరవై ఎనిమిదేళ్లు. మీరు అప్పుడే దిగులు పడితే ఎలా?"

మ్యూజియం లోపల జింజ్ పుర్రె ముందు మామయ్య చాలాసేపు నిలబడ్డాడు. దవడ పళ్లు ఒక్కొక్కటీ చింతగింజకు పెద్దన్నలా ఉన్నాయి. వాటిని చూసి మొదట్లో గింజలు కొరికే మనిషి అనుకున్నారట. తర్వాత పరీక్షిస్తే ఎక్కువగా గడ్డీ తుంగా తిన్నట్టు తేలింది. అంత సామాను పెట్టుకుని గడ్డి తిన్నాడా అని మామయ్యకు కోపం వచ్చింది. అసలు పుర్రె దార్ ఎస్ సలామ్ మ్యూజియంలో ఉంది, ఇది నకలు అని బోర్డు చూసి చెప్పాను. "అంటే గివి గూడ కట్టుడు పండ్లే" అన్నాడు. ఆ రోజు ఆయనకు దక్కిన మొదటి ఊరట అదే.

పక్క గదిలో లయటోలి అనే చోట దొరికిన అడుగుజాడల నకలు ఉంది. 36 లక్షల ఏళ్ల కిందట బూడిదలో రెండు కాళ్ల మీద నడిచిపోయినవాళ్లవి. 1976లో శాస్త్రవేత్తలు సరదాగా ఎండిన ఏనుగు పేడ విసురుకుంటుంటే, ఒకాయన తప్పించుకోబోయి కింద పడ్డాడు. మొదట జంతువుల అడుగులు కనబడింది అలాగేనట. మన కైరుప్పలలో ఉగాది మర్నాడు పిడకలతో కొట్టుకుంటారు. అక్కడ కూడా ఒకసారి నేల చూసుకుంటే మంచిదేమో.

వెతుకులాటలో టైమంతా పోయింది. దగ్గర్లోని కదిలే ఇసుకదిబ్బ చూడ్డం కుదరలేదు. ఓల్ డొయిన్యో లెంగాయ్ అగ్నిపర్వతం కక్కిన నల్ల బూడిద గాలికి నెలవంకలా పేరుకుని, ఏటా పదీ పదిహేను మీటర్లు జరుగుతూ పోతుంది. "మనూరికి ఎన్నేండ్లకు వస్తది?" అని అడిగాడు నా కొడుకు. అది నడిచేది పడమటికని చెప్పాను.

తర్వాత మాసాయి పల్లె. బండికి ఇంత అని డాలర్లు కట్టాం. ఎర్ర గళ్ల దుప్పట్లు కప్పుకున్న కుర్రవాళ్లు నిలువునా ఎగురుతూ ఆడారు. మోకాళ్లు వంగవు, మడమ నేలకు ఆనదు, మనిషి మాత్రం గాల్లో ఉంటాడు. నన్నూ ఎగరమన్నారు. నా చెప్పులు ఎగిరాయి. అత్తమ్మ ఒక గుడిసెలోకి వంగి దూరి, గోడ తడిమి, "పేడ మంచిగ మెత్తిన్రు" అని మెచ్చుకుంది. ఇళ్లు కట్టేది ఆడవాళ్లేనని తెలిసి ఆ మెప్పు రెట్టింపయింది.

గుడిసె ముందు కూర్చున్న ఒక అవ్వకూ ఆమెకూ అరగంటలో స్నేహం కుదిరింది. ఒక్క మాట అటు నుంచి ఇటు రాలేదు, ఇటు నుంచి అటు పోలేదు, అయినా ఆవుల గురించీ కోడళ్ల గురించీ మాట్లాడుకున్నారని నాకనిపించింది. లేచేముందు అత్తమ్మ సకినాల డబ్బా తెరిచి ముందుకు చాపింది. రెండు తీసుకోమని ఆమె ఉద్దేశం. అవ్వ డబ్బానే రెండు చేతులా అందుకుంది. అందులోంచి తెల్లటి టిష్యూ పొట్లం తీసింది. విప్పింది.

రెండు వరసల పళ్లు ఎండలో తళుక్కుమన్నాయి.

అవ్వ కేక పెట్టలేదు. నవ్వింది. ఆ నవ్వుకు పల్లెంతా పోగయింది. "హెప్పిన గదా," అన్నాడు మామయ్య, "హుబ్బరంగ ఉన్న తావులనే పెట్టిన." అత్తమ్మ చేతిలోని డబ్బా తెరిచి వెతికే ధైర్యం మాలో ఎవరికీ లేదు. అది నిజం.

ఒక ముసలాయన కర్ర ఆనించుకుంటూ వచ్చి, తన కింది పెదవి లాగి చూపించాడు. ముందు రెండు పళ్లు లేవు. చిన్నప్పుడే తీయించేయడం వాళ్ల పాత ఆచారం. దవడ బిగుసుకుపోయే జబ్బు వస్తే ఆ సందులోంచి పాలు పోయడానికట. మామయ్య నోరు తెరిచి మొత్తం ఖాళీ చూపించాడు. ముసలాయన ఓడిపోయినట్టు తల ఊపాడు. తర్వాత ఏదో అడిగాడు. ఆయన మాటను మనవడు స్వాహిలీలో, డ్రైవర్ ఇంగ్లిషులో, నేను తెలుగులో చేరవేశాం: ఆ పళ్లకు ఎన్ని ఆవులు ఇచ్చావు?

మామయ్య లెక్క వేశాడు. "బర్రెల మూడో వంతు."

ముసలాయన చాలాసేపు ఆలోచించి నెమ్మదిగా ఏదో అన్నాడు. అది మూడు భాషలు దాటి మా దాకా వచ్చేసరికి ఇలా ఉంది: "బర్రె ఉండగా పళ్లెందుకు? పాలు తాగొచ్చు కదా."

"గిదే మాట నేను పదేండ్ల సంది మొత్తుకుంటున్న" అంది అత్తమ్మ.

సాయంత్రం సెరెంగెటిలో, బండికి పది గజాల దూరంలో, మేం ఇంత దూరం దేనికోసం వచ్చామో ఆ సింహం కనబడింది. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. ఎవరూ ఊపిరి తీయడం లేదు. అది మా వైపు తిరిగి తాపీగా ఆవులించింది. నాలుగు కోరలూ కనబడ్డాయి. మామయ్య చెయ్యి తనకు తెలియకుండానే దవడ మీదికి వెళ్లింది.

ఆ నిశ్శబ్దంలో అత్తమ్మ నా చెవి దగ్గర గుసగుసలాడింది.

"డబ్బ వాపస్ అడిగితె ఏమనుకుంటురో బిడ్డా?"