ఆమ్లజని అనే పేరుకు బహిరంగ లేఖ

ఆమ్లజని గారూ,

ఊరంతటికీ మీరు ఆక్సిజన్. తెలుగు మీడియంలో చదివిన మాకు మాత్రం ఆమ్లజని, అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆ మాట బోర్డు మీద చూసిన రోజే నాకు అనుమానం వచ్చింది: పొద్దస్తమానం మిమ్మల్నే పీలుస్తున్నాం కదా, మరి లోపలంతా దోసెల పిండిలా పులిసిపోవద్దూ? అడిగితే మాస్టారు "కూర్చోరా" అన్నారు.

పాపం, తప్పు ఆయనది కాదు. మిమ్మల్ని బయటికి తీసింది స్వీడన్‌లో షీలే, 1774లో ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ అనే రసాయనవేత్తలు. బారసాల చేసింది మాత్రం పారిస్‌లో కూర్చున్న లవోయిజర్. గంధకం, భాస్వరం కాల్చి, వచ్చినదాన్ని నీళ్లలో కలిపితే ఆమ్లమైంది కాబట్టి ప్రతి ఆమ్లంలోనూ మీరే ఉంటారని తేల్చేసి, గ్రీకులో పులుపు, వాడి అనే అర్థమున్న ఆక్సిస్‌ను పట్టుకొచ్చి మీ నెత్తిన పెట్టాడు.

మరి మా బాత్రూమ్ కడిగే యాసిడ్ సంగతేంటి సార్? మూత తిప్పగానే ముక్కు మండి, కళ్లలో నీళ్లు తిరిగి, బకెట్ అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తించే ఆ సీసాలో ఉన్నది హైడ్రోజన్, క్లోరిన్ (కలిపిన నీళ్లను వదిలేయండి). క్లోరిన్ మూలకమేననీ, అందులో మీ జాడే లేదనీ 1810లో డేవీ అనే ఇంగ్లండు రసాయనవేత్త చెప్పేశాడు. పేరు మార్చమని అడుగుదామంటే లవోయిజర్ తల 1794లోనే గిలటిన్ కింద పడిపోయింది. ఇక తాంబూలంలో సున్నం చూడండి, దాన్లో మీరున్నారు, కొంచెం ఎక్కువైతే నోరు పొక్కుతుంది, కానీ అది ఆమ్లం కాదు, దానికి పూర్తిగా పగ, క్షారం!

అసలు తమాషా మీ పక్కింటి ఉదజనిది, అదే, హైడ్రోజన్‌ది. నీళ్లను పుట్టించేదని ఆవిడ పేరు. నీళ్ల బరువులో దాదాపు 89 శాతం మీరే, ఆమ్లానికి పులుపు తెచ్చేది ఆవిడ. ఆసుపత్రిలో పిల్లలు తారుమారైనట్టు పేర్లు తారుమారయ్యాయి, ఇన్నేళ్లయినా ఎవరూ వచ్చి మార్చుకోలేదు.

మావాళ్లు ఇంకో మెట్టు పైకెక్కారు. ప్రాణవాయువు అని, కెమిస్ట్రీ లేకపోయినా అబద్ధమూ లేని పేరు చేతిలో ఉండగా, ఫ్రెంచివాడు గ్రీకులో చేసిన తప్పును అక్షరం పొల్లుపోకుండా సంస్కృతంలోకి దించి మాచేత వల్లె వేయించారు. పరీక్షలో రెండు మార్కులు కూడా ఇచ్చారు లెండి.

ఇట్లు,
మిమ్మల్ని పీలుస్తూనే తిడుతున్న
ఆ కూర్చున్న కుర్రాడు