మా బావ కొన్న లేత్ మిషన్

గాజువాక ఆటోనగర్‌లో పాత లేత్ మిషన్ (ఇనుప ముక్కని తిప్పుతూ చెక్కేది) చవగ్గా దొరికిందని మా బావ దాన్ని ఆటో ట్రాలీలో వేసుకుని మర్రిపాలెంలో ఇంటికి తెచ్చేశాడు. అంత చవక ఎందుకో మోటారు మీది రేకే చెబుతోంది: 2 హెచ్‌పీ, 415 వోల్టులు, త్రీ ఫేజ్. ఇంట్లో ఉన్నదేమో 230 వోల్టుల సింగిల్ ఫేజ్.

"మూడు వైర్లలో రెండున్నాయి కదా, చూద్దాం" అన్నాడు బావ.

స్విచ్ వేస్తే మోటారు కథ వింటున్న పిల్లాడిలా ఊఁ కొట్టింది తప్ప కదల్లేదు. మూడు ఫేజులు ఒకదాని వెనక ఒకటి వస్తేనే లోపల అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. ఒక్క ఫేజుతో అది ఉన్నచోటే ఊగుతుంది.

"నా గ్రైండర్ మామూలు ప్లగ్గుకే తిరుగుతాది, దీనికేటిరా రోగం?" అంది అత్తయ్య.

గ్రైండర్‌లో మోటారుని కదిలించే కండెన్సర్ ఉంటుందని గుమిగూడిన వాళ్లలో ఎవరో అన్నారు. బావ చూపు హాల్లో ఫ్యాను మీద పడింది. ఫ్యాను కండెన్సర్ 2.5 మైక్రోఫారడ్లు, ఈ మోటారుకి దాదాపు 100 కావాలి. అది వచ్చి చేరిన సంగతి మోటారుకి తెలియనే లేదు. పోయిన సంగతి మాత్రం ఇంటిల్లిపాదికీ తెలిసింది. అసలే మే నెల, వైజాగ్ ఉక్క.

ఆ తర్వాత పుల్లీకి తాడు చుట్టి లాగాడు. ఒక్క ఫేజు మీద మోటారుకి కుడి ఎడమల పట్టింపు ఉండదు, ఎటు తోస్తే అటే. బావ తిరగాల్సిన వైపుకి ఎదురుగా లాగాడు. మరల మీద బిగించిన చక్కు (ఇనుప ముక్కని పట్టుకునేది) కాస్తా ఊడి, గేటు దాటి, ఎదురింటి మాస్టారి స్కూటర్ దగ్గర ఆగింది. ఎవరి కాలి మీదా పడలేదు కాబట్టి నవ్వుతున్నాం.

చివరికి కంచరపాలెం నుంచి వైండింగ్ మేస్త్రి వచ్చాడు. టెర్మినల్ బాక్సు విప్పి, వైండింగ్ ఆరు కొసలూ బయటికే ఉన్నాయని, వాటిని స్టార్, డెల్టా అని రెండు రకాలుగా కలపొచ్చని సంతోషించాడు.

"స్టార్‌లో 415 అడిగిన మోటారు డెల్టాలో 230కి ఒప్పుకుంటాది బాబూ. డ్రైవ్ ఒకటి కొనండి, సింగిల్ ఫేజ్ తీసుకుని మూడూ అదే ఇస్తాది."

డ్రైవ్ ఖరీదు విని ఈసారి బావ ఊఁ అన్నాడు.

బిగించాక లేత్ మెత్తగా తిరిగింది. అత్తయ్య వచ్చి చూసింది.

"ఈ బుడిపి తిప్పితే స్పీడు పెరుగుతాదేటి?"

"పెరుగుతుంది, తగ్గుతుంది కూడా అమ్మా!"

"బాగుంది. ఫ్యాను కండెన్సర్ ఎప్పుడు బిగిస్తావురా?"