ప్రమిద కింద పరిచిన పత్రిక

2025 నవంబరు 8న, శనివారం, టెక్సస్‌లోని మన తెలుగు సంఘం దీపావళి వేడుక ముగిసేసరికి రాత్రి పదకొండు కావచ్చింది. అలంకరణ గురించీ నృత్యాల గురించీ కార్యవర్గం నివేదిక ఎలాగూ వస్తుంది కనుక వాటి జోలికి నేను పోను. నేను భోజనాల కమిటీలో ఉన్నాను. ఆ రాత్రి నా కళ్లెదుట ఎక్కువసేపు ఉన్నది వేదిక కాదు, హైస్కూలు కెఫెటీరియా చివరన వరుసగా పెట్టిన చెత్త డబ్బాలు. కార్యక్రమం గంటన్నర ఆలస్యంగా నడవడం వల్లా, పిల్లలు అప్పటికే పిజ్జాలతో కడుపు నింపుకోవడం వల్లా, ఎనిమిది వందల మందికని చెప్పి చేయించిన భోజనంలో మూత కూడా తీయని అల్యూమినియం ట్రేలు పందొమ్మిది మిగిలాయి. పులిహోర ఆరు, బగారన్నం ఐదు, గుత్తివంకాయ నాలుగు, పెరుగన్నం నాలుగు. పెరుగన్నం నేనే నా చేతులతో నల్ల సంచిలోకి వంచాను. పైన చల్లిన దానిమ్మ గింజలు ఒక్కటీ చెదరలేదు.

హాలుకు తాళాలు వేయడానికి కాచుకుని ఉన్న కస్టోడియన్, యాభై ఏళ్ల మనిషి, మూత తీయనివి కొన్ని తాను తీసుకువెళ్లవచ్చునా అని అడిగింది. మాలో ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా, తిన్నవాళ్లకు ఏమైనా అయితే సంఘం మీద కేసు పడుతుందని చెప్పాడు. నేను పక్కనే ఉండి తల ఊపాను. ఆమె మరి మాట్లాడలేదు. నల్ల సంచి జారిపోతుంటే దాని మూతిని రెండు చేతులతో తెరిచి పట్టుకుని మాకు సాయం చేసింది.

దీనికి రెండు గంటల ముందే తెలుగు బడి పిల్లలు డొక్కా సీతమ్మ గారి కథను నాటికగా వేశారు. లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళల్లో అన్నం పెట్టిన ఆ ఇల్లాలు, ఒకసారి పల్లకిలో అంతర్వేది బయలుదేరి, దారిలో ఆకలితో ఉన్న పెళ్లివారు ‘ఇంకాస్త నడిస్తే సీతమ్మ గారి ఇల్లు’ అని పిల్లలను ఊరడించడం విని, దేవుడి దర్శనం మానుకుని వెనక్కు మళ్లిందని చెప్పుకుంటారు. ఆ ఘట్టానికి హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను.

మరునాడు ఉదయం మా ఇంటి గడప దగ్గర ప్రమిదలు తీస్తున్నాను. నూనె కారకుండా వాటి కింద పరిచింది మా ఊరి వారపత్రిక. వారం వారం ప్లాస్టిక్ తొడుగులో వాకిట్లో పడే ఆ నాలుగైదు కాగితాలను, కొన్నప్పటి నుంచీ ఈ ఇంట్లో మేము బూట్ల కిందకూ, వడియాల కిందకూ, ప్రమిదల కిందకూ తప్ప దేనికీ వాడలేదు. నూనె పీల్చిన చోట కాగితం అద్దంలా మారి వెనుక పేజీ అక్షరాలు కూడా ఇవతలికి కనిపిస్తున్నాయి. అక్కడొక ఛాయాచిత్రం: చర్చి ఆవరణలో కార్ల బారు. ఆ చర్చి మేము వేడుక చేసుకున్న బడికి రెండు సిగ్నళ్ల దూరంలో ఉంది. అందులోని ఉచిత సరుకుల కేంద్రానికి ఆ వారం వచ్చే కుటుంబాలు ఒక్కసారిగా పెరిగాయనీ, శనివారాలలో సరుకులు చేరవేయడానికి పెద్ద బండ్లున్న మనుషులు చాలడం లేదనీ ఆ వార్త సారాంశం.

కారణం మనకు తెలియనిది కాదు. అక్టోబరు 1న మొదలై 43 రోజులు సాగిన ప్రభుత్వ స్తంభన (షట్‌డౌన్) వల్ల, దేశంలో సుమారు 4.2 కోట్ల మందికి అందే ఆహార సహాయం నవంబరు మొదటి తేదీన నిలిచిపోయింది. మన టెక్సస్‌లోనే దాదాపు 35 లక్షల మంది, ఆ సహాయం జమ అయ్యే లోన్ స్టార్ కార్డు మీద సరుకులు కొనుక్కుంటారు. ఇదంతా నేను తెలుగు వెబ్‌సైట్లలో చదివాను, వాట్సాప్ గుంపులలో వాదించాను కూడా. రెండు సిగ్నళ్ల అవతల ఉన్న బారు మాత్రం నాకు తెలియలేదు. ఆ కస్టోడియన్ కూడా ఎప్పుడైనా ఆ బారులో నిలిచిందో లేదో నేను అడగలేదు.

మా నాన్నగారు నెల్లూరు జిల్లాలో బడిపంతులు. ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టిన తరువాత ఆయన పత్రికను తిరగేసి చదవడం అలవాటు చేసుకున్నారు. ‘ముఖ్యమంత్రి ఎక్కడికీ పోడు, ముందు మన చెరువు తూము సంగతేమైందో చూడు’ అని నాచేత అరుగు మీద జిల్లా పేజీలను పైకి చదివించేవారు. తూముకు గండి పడిందని వార్త వస్తే ఆ సాయంత్రానికి పార, తట్ట పట్టుకుని ఎవరో ఒకరు బయలుదేరేవారు. దూబగుంట మా ఊరికి మరీ దూరం కాదు. అక్కడ అక్షరదీపం రాత్రిబడిలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి ఊరూరా పాకింది ఇటువంటి వార్తల వల్లనే. పక్క మండలం ఆడవాళ్లు ఆ వార్తను విని కేవలం జాలిపడి ఊరుకోలేదు, మన ఊళ్లోనూ అదే దుకాణం ఉన్నది కదా అనుకున్నారు. 1992లో రాజుకున్న ఆ నిప్పు 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అయ్యేదాకా ఆరలేదు. కష్టం గురించిన వార్తలో తమకు చేతనైన పని ఎక్కడున్నదో వెతికే అలవాటు వాళ్లకు ఉంది. మనం ఆ అలవాటును తప్ప మిగిలినవన్నీ, పప్పు రుబ్బే గ్రైండరుతో సహా, విమానంలో తెచ్చుకున్నాము.

అయితే ఊరి మీది మమకారంతో అబద్ధం చెప్పకూడదు. మా ఊళ్లో పెళ్లిళ్లలో అన్నం వృథా అయ్యేది కాదని నేను మా పిల్లలకు చాలాసార్లు చెప్పాను. వృథా కాకపోవడానికి కారణం, పందిరి వెనుక ఎంగిలి విస్తళ్ల దగ్గర గిన్నెలు పట్టుకుని ఎవరెవరు ఎంతసేపు కాచుకుని ఉండేవారో, వాళ్లు ఏ పేట వాళ్లో, అప్పుడు నాకు తెలుసు, చెప్పేటప్పుడు దాటవేశాను. ఆ రాత్రి కెఫెటీరియాలో ఆమెకు లేదని చెప్పిన మా మర్యాదలో ఆ పాత పందిరి నీడ కొంత లేకపోలేదని నా అనుమానం.

ఇక కేసుల మాట. అది సగమే నిజం. బిల్ ఎమర్సన్ గుడ్ సమారిటన్ ఫుడ్ డొనేషన్ యాక్ట్ అనే సమాఖ్య చట్టం 1996 నుంచి ఉంది. సదుద్దేశంతో లాభాపేక్ష లేని సంస్థలకు ఆహారం ఇచ్చినవారికి, తీవ్రమైన నిర్లక్ష్యమో బుద్ధిపూర్వకమైన తప్పో ఉంటే తప్ప, అది రక్షణ కల్పిస్తుంది. నేరుగా ఒక వ్యక్తి చేతికి ఇవ్వడం వేరు, సంస్థ ద్వారా ఇవ్వడం వేరు కనుక పెద్దాయన భయం పూర్తిగా తప్పు కాదు. కానీ ఆ సంస్థ రెండు సిగ్నళ్ల దూరంలోనే ఉంది. వేడి పదార్థం 135 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గకూడదు, చల్లనిది 41 డిగ్రీలు దాటకూడదు. ఈ లెక్కన నాలుగు గంటలు బల్ల మీద ఉన్న మా పెరుగన్నం నిజంగానే పారబోయవలసిందే. పులిహోర, బగారన్నం మాత్రం చివరిదాకా వేడి పెట్టెలలోనే ఉన్నాయి.

మరుసటి శనివారం నేను ఆ కేంద్రానికి వెళ్లాను. పశ్చాత్తాపంతో వెళ్లానని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, ఎక్కువ భాగం కుతూహలమే. లోపల అరలలో వేరుసెనగ ముద్ద, డబ్బా చేపలు, సీరియల్ దాదాపు అయిపోయాయి. ఒక్క అర మాత్రం నిండుగా ఉంది, పప్పులది. ఎర్ర కందిపప్పు, ఎండు బఠాణీలు, సెనగలు పౌండు సంచులలో పేర్చి ఉన్నాయి. ఎందుకు కదలడం లేదని నిర్వాహకురాలిని అడిగితే, వాటిని ఎలా వండాలో చాలామందికి తెలియదని నవ్వింది. ఇరవై నిమిషాలలో ఉడికే ఎర్ర కందిపప్పు! నేను ఆ సంచిని చేతిలో పట్టుకుని, మన సంఘం సభ్యత్వ జాబితాలోని ఇళ్లన్నింటిలో ఆ సాయంత్రం ఉడుకుతున్న పప్పును తలచుకున్నాను. సంచికి ఒక చీటీ కుడితే చాలు: ఇన్ని నీళ్లు, ఇంత పసుపు, ఒక టమాటా, పోపు ఇష్టమైతేనే. ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ. సేవా గంటల ధ్రువపత్రాల కోసం ప్రతి వేసవిలోనూ తల్లిదండ్రులను పరుగెత్తించే మన హైస్కూలు పిల్లలకు అది రెండు రోజుల పని. వీసా కారణంగా ఉద్యోగం చేయలేక, చేయి తిరిగిన వంటతో ఇంట్లో ఉండిపోయిన ఆడపడుచులు మన మధ్య ఎందరో ఉన్నారు. వాళ్లు నెలకొకసారి ఆ కేంద్రంలో పప్పు వండి చూపిస్తే, వాళ్లను ఈ ఊరు పేరుపెట్టి పిలవడం మొదలుపెడుతుంది.

ఇటువంటి వార్త ఇదొక్కటే కాదు. 2024 జూన్‌లో డాలస్ పక్కనున్న ప్లేనో విద్యా మండలి విద్యార్థులు తగ్గుతున్నారని నాలుగు బడులు మూసివేయాలని నిర్ణయించినప్పుడు, మన గుంపులలో ఇళ్ల ధరల చర్చ తప్ప మరొకటి నేను చూడలేదు. తెలుగు తరగతులకు చోటు లేదని ఏడాదికొకసారి వాపోయే మనకు, ఖాళీ అయ్యే తరగతి గదుల సంగతి అడగాలని తోచనేలేదు.

మనవాళ్ల కష్టాలకే దిక్కు లేదు, ఊరి కష్టాలు మనకెందుకనే మాటను నేను తేలికగా తీసివేయను. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రాత్రి మా వీధిలో ఎవరూ నిద్రపోలేదు. ఉద్యోగం పోతే 60 రోజుల గడువులో ఇల్లూ పిల్లల బడీ ఏమి చేయాలో తెలియక కార్యవర్గానికి ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు, కార్యవర్గం వాళ్లకు చేసిన సాయమూ నాకు తెలుసు. భాష కోసం, పండుగల కోసం పెట్టుకున్న సంఘం అన్నదాన సమాజం కానక్కరలేదన్న వాదనలోనూ న్యాయం ఉంది. అయినా మనల్ని పరాయివాళ్లుగా చూస్తున్నారని బాధపడే మనం, ఈ ఊరి వార్తలను ప్రమిదల కింద పరుచుకుంటున్నామన్న సంగతి కూడా లెక్కలోకి రావాలి. పైగా ఆ వార్తలు ఎంతకాలం వస్తాయో చెప్పలేము. 2005 తరువాత ఈ దేశంలో 3,000కు పైగా పత్రికలు మూతపడ్డాయి.

కొత్త కార్యవర్గానికి నా మనవి చిన్నది. కొత్త పదవి అడగడం లేదు, మనకు పదవుల కొరత ఎన్నడూ లేదు. నెలవారీ సమావేశంలో పదిహేను నిమిషాలు కేటాయించి, ఆ నెల ఊరి పత్రికలో వచ్చిన ఒక్క సమస్యను ఎవరైనా ఒకరు చదివి వినిపించాలి. మన దగ్గర ఉన్న వంటవాళ్లకో, బండ్లకో, ఇంజినీర్లకో, తీరికగా ఉన్న పెద్దవాళ్లకో అందులో పని ఉన్నదా అని చూడాలి. లేకపోతే వదిలేయాలి. అన్నింటికీ పరుగెత్తి ఫోటోలు దిగి రావడం కన్నా వదిలేయడమే మేలు.

జనవరి 24న మన సంక్రాంతి వేడుక ఉంది. మిగిలే ట్రేల మూతలు తీయకుండా వేడి పెట్టెలలోనే ఉంచడానికి భోజనాలవారు ఒప్పుకున్నారు. ఆ శనివారం చర్చి కేంద్రంలో రాత్రి తొమ్మిదిన్నర దాకా ఒక మనిషి ఉంటానన్నది. కనుక ఈసారి ముఖ్య అతిథుల ప్రసంగాలు ఎనిమిదింటికి ముగియాలి. రెండు పెద్ద బండ్లు కావాలి. ఒకటి నాది ఉంది, రెండవది ఎవరిదైనా ఇస్తామంటే భోజనాల బల్ల దగ్గర నన్ను కలవండి.