స్వీడన్ సినిమా, పాలకొల్లు ఆపరేటరు

పాలకొల్లులో సినిమా తెలియనివాడు ఉండడు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు పుట్టిన గడ్డ. కిళ్ళీ కట్టించుకునేలోపు స్క్రీన్‌ప్లేలో లోపాలు చెప్పేస్తారు. అలాంటి ఊళ్ళోకి మా బాబాయ్ ఇంగ్మార్ బెర్గ్‌మన్ తీసిన ‘పెర్సోనా’ బ్లూరే డిస్కు తెప్పించాడు. 1966లో వచ్చిన స్వీడిష్ సినిమా. నలుపు తెలుపు. ఉన్నట్టుండి మాట్లాడడం మానేసిన ఒక నటి, ఆమెని కనిపెట్టుకుని ఉండే ఒక నర్సు, సముద్రం పక్కన ఒక ఇల్లు. పాటల్లేవు, ఫైట్లు లేవు, ఒక్క పెళ్ళిభోజనం సీను కూడా లేదు.

డిస్కు అమెరికాది. బ్లూరే వాళ్ళు భూగోళాన్ని ఎ, బి, సి అని మూడు ముక్కలు చేసి పంచుకున్నారట. అమెరికా ఎ, మనం సి. ఆ డిస్కు మా ప్లేయర్లో పెడితే ఈ ప్రాంతంలో ఆడదని తెరమీద రాసింది. మా మేనత్త అది చదివించుకుని, “మరి ఏ సెంటర్లో ఆడుద్దంట? భీమవరంలోనా?” అంది. చివరికి బాబాయ్ అన్ని ప్రాంతాలవీ ఆడే ప్లేయరు కొన్నాడు. ఆట అత్తయ్య వాళ్ళింట్లోనే, 55 అంగుళాల టీవీ అక్కడుంది కాబట్టి.

ఎదురింటి ఆపరేటర్ గారిని కూడా పిలిచారు. ఆయన ఇక్కడి ఒక హాల్లో ప్రొజెక్టర్ ఆడించి రిటైరయిన మనిషి. ఆ రోజుల్లో రీలు తెగితే చాలు, నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా ఈలలు, “ఒరేయ్ ఆపరేటరూ!” అని కేకలు, ఆ వెనకే ఆయన వంశవృక్షం. అన్నీ పడ్డాడు పాపం.

సినిమా మొదలైంది. చీకట్లో రెండు కార్బన్ కడ్డీలు దగ్గరికొచ్చి భగ్గున వెలిగాయి. ఆపరేటర్ గారు కుర్చీలో ముందుకు జరిగారు. “ఆయ్, ఇదండీ సినిమా అంటే! లైటెలా పుడుద్దో చూపించాడు. మన వాళ్ళెవడైనా చూపించాడా?” అంతలో కార్టూన్ బొమ్మ తలకిందులుగా వచ్చి ఆగిపోయింది. గొర్రెని కోశారు. ఎవరి చేతిలోకో మేకు దిగింది. అత్తయ్య లేచి వెళ్ళి వంటింట్లో పోపు వేసుకుంది.

మావయ్య బాధ వేరు. తెరకి అటూ ఇటూ నల్లపట్టీలు. డబ్బులు పోసి ఇంత టీవీ కొంటే బొమ్మ మధ్యలోనే ఉందేంటని రిమోట్‌తో జూమ్ నొక్కాడు. బెర్గ్‌మన్ ఏరికోరి పెట్టుకున్న ముఖాల్లో నుదుళ్ళు పైకీ గడ్డాలు కిందికీ ఎగిరిపోయాయి.

“తలకాయలు నరికేశారండీ బాబూ!” అని ఆపరేటర్ గారు గాభరాపడ్డారు. “పాత బొమ్మ ఇలా చదరంగానే ఉంటది. ప్రొజెక్టర్లో కొత్త బొమ్మకి పెట్టే ప్లేటు దీనికేస్తే ఇదే గతి.” మావయ్య జూమ్ తీసేసి, హోమ్ థియేటర్ మీద పడ్డాడు. ఐదు స్పీకర్లలో ఒక్కటే మోగుతోంది. మోనో సినిమా బావగారూ, శబ్దమంతా ఒకటే దారిలో వస్తుంది అని బాబాయ్ చెప్పాడు. “అయితే మిగతా నాలుగూ ఎందుకు కొనిపించావ్ బావా?” దానికి సమాధానం లేదు.

ఈలోగా నర్సు ఆపకుండా మాట్లాడుతోంది. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు చదివి తెలుగులో చెప్పే పని నాది. నేను ఒక వాక్యం పూర్తిచేసేసరికి ఆవిడ ఆరు దాటిపోతోంది. నటి మాత్రం పెదవి విప్పదు. “హీరోయిన్‌కి డబ్బింగ్ చెప్పించలేదా?” అంది అత్తయ్య.

సుమారు సగంలో నర్సు మొహం మీద పగులొచ్చింది. బొమ్మ ఆగి, బుడగలు కట్టి, కాలిపోయి, తెర తెల్లబడింది. అత్తయ్య ఇంటర్వెల్ అనుకుని చేగోడీలకి లేచింది. మావయ్య ప్లేయరు తగలబడిందని స్విచ్ బోర్డు వైపు పరిగెత్తాడు. నేను చూసింది ఆపరేటర్ గారి కుడిచెయ్యి. అది దానంతటదే లేచి, గాల్లో లేని మీటని పట్టుకుని కిందికి లాగింది.

“కంగారు పడకండి,” అన్నాడు బాబాయ్. “అది దర్శకుడే కాల్చాడు.”

“కావాలనా?” అన్నారు ఆపరేటర్ గారు. గొంతు మారిపోయింది.

“కావాలనే. ప్రపంచమంతా మెచ్చుకున్న సీను.”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చేగోడీ కూడా ముట్టలేదు.

ఇంకొంతసేపటికి నర్సు ఒక పెద్ద కథ చెప్పింది, నటి మొహం చూపిస్తూ. అయిపోయింది. మళ్ళీ అదే కథ, మాటలు కూడా అవే, ఈసారి నర్సు మొహం చూపిస్తూ. డిస్కు వెనక్కి తిరిగిందని అత్తయ్య దాన్ని బయటికి తీసి పమిటచెంగుతో తుడవబోయింది. ఇదీ దర్శకుడి పనేనని బాబాయ్ అడ్డుపడ్డాడు. అప్పుడు తెగింది ఆపరేటర్ గారికి. “వేసిన రీలే మళ్ళీ వేశానని మా ఓనరు సగం జీతం కోశాడండీ! జనం కుర్చీలు విరగ్గొట్టారు! ఈయన అదే చేస్తే అమెరికాలో డిస్కు వేసి అమ్ముతున్నారా?”

ఆ మాట మీదే ఇద్దరు ఆడవాళ్ళ సగం సగం మొహాలు అతుక్కుని ఒక్క మొహమైంది. “ఓస్, డబుల్ యాక్షనేగా,” అన్నాడు మావయ్య. “అదే ఏడు రామారావు గారు ‘శ్రీకృష్ణపాండవీయం’లో కృష్ణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే.” నిజానికి ఇది తిరగేసిన డబుల్ యాక్షన్. అక్కడ ఒక మనిషి ఇద్దరయ్యాడు, ఇక్కడ ఇద్దరు ఒకరయ్యారు. నాకైతే మావయ్య దగ్గరిదాకా వచ్చినట్టే అనిపించింది.

టీవీ నల్లబడిపోయింది. మాట లేదు, బొమ్మ లేదు. బాబాయ్ కళ్ళు మూసుకుని, “చూశారా! ముఖాలు కలిసిపోయాక మిగిలేది ఈ చీకటే. బెర్గ్‌మన్ ఎంత ధైర్యస్తుడో...” అంటున్నాడు.

“ఫ్యాను కూడా ఆయనే ఆపాడా?” అంది అత్తయ్య.

వీధి మొత్తం కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోయలేదన్న సంగతి అప్పుడు బయటపడి మావయ్యకి అక్షింతలు పడుతున్నాయి. దోమలు దిగాయి. ఆ గోలలో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి వేసిన ఈల ఇల్లు అదిరేట్టు మోగింది, ఆ వెనకే ఆపరేటర్ గారి గొంతు:

“ఒరేయ్ ఆపరేటరూ!”